‘ఇప్పటికి వద్దు’ అని రాసిన చీటీ: ఉద్దానం నుంచి ఒక కిడ్నీ మార్పిడి కేసు

ఈ కేసు రాయడానికి రోగి, ఆయన అక్క ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టడానికి వీల్లేకుండా కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. నేను శ్రీకాకుళంలో నెఫ్రాలజిస్టుని. మార్పిడి ఆపరేషన్లు ఇక్కడ చేయను. డయాలసిస్ చూసుకోవడం, పనికొస్తారనుకున్న వాళ్లను విశాఖపట్నం పంపడం, కిడ్నీ పెట్టించుకుని వచ్చిన వాళ్లకు ఆ తర్వాత మందులు, పరీక్షలు చూడటం నా పని. అందుకే ఆపరేషన్ గురించి ఇందులో నాలుగు ముక్కలే ఉంటాయి. థియేటర్ తలుపు దాకా ఎవరు చేరుతున్నారు, ఎవరు దారిలోనే ఆగిపోతున్నారు, ఆ ఎంపికలో ప్రభుత్వ నిబంధనల చెయ్యి ఎంత అన్నదే ఎక్కువ.

రోగి

వయసు 42. కవిటి మండలంలో కాస్త కొబ్బరి తోట ఉంది, సీజన్లో జీడిపిక్కల పనికి వెళ్తాడు. షుగర్ లేదు. తల్లి యాభై ఏళ్లు రాకముందే కిడ్నీ జబ్బుతో పోయింది. ఊళ్లో పెట్టిన మెడికల్ క్యాంపులో క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతినే కొద్దీ రక్తంలో పెరిగే పదార్థం) 3.8 అని తేలేదాకా ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. కాళ్ల వాపు లేదు, బీపీ 130/80. మూత్రంలో ప్రోటీన్ ఆనవాలుగా ఉంది, రక్త కణాలు లేవు. అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీలూ 8 సెంటీమీటర్ల లోపే. కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానంలో, అంటే మా జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస వైపు పనిచేసిన డాక్టరు ఎవరైనా ఈ నాలుగు లైన్లు చదివి మిగతాది చెప్పేస్తారు. కిడ్నీలో జల్లెడలాంటి భాగం కంటే ముందు గొట్టాలు, వాటి మధ్యనున్న కణజాలం దెబ్బతినే జబ్బు ఇది. చడీచప్పుడు లేకుండా వస్తుంది. నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా, వంశపారంపర్యమా అని ఏళ్లుగా వెతుకుతున్నారు, కారణం ఇంకా తేలలేదు.

నా దగ్గరకు వచ్చేసరికి ఆయన డయాలసిస్‌లో మూడో ఏడు నడుస్తోంది. ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం కలిపిన రక్తనాళం) బాగానే పనిచేస్తోంది. వారానికి మూడుసార్లు రావాల్సింది, రెండుసార్లే వెళ్లేవాడు. మూడో రోజు వెళ్తే కూలి పోతుంది, ఆటో ఖర్చు అదనం. రెండు సెషన్ల మధ్య నాలుగు కిలోల నీరు చేరేది. హిమోగ్లోబిన్ 7.2. అది పడిపోయినప్పుడల్లా రక్తం ఎక్కించారు. డయాలసిస్ మొదలైన ఏడాదిలోనే హెపటైటిస్ సి అంటుకుంది. సోఫోస్‌బువిర్, వెల్పటస్విర్ మాత్రలు పన్నెండు వారాలు వాడాక వైరస్ పోయింది, మూడు నెలల తర్వాత చేసిన పరీక్షలోనూ కనపడలేదు. ఎకోలో గుండె పంపింగ్ 35 శాతం.

ఆయన ఫైల్లో, ప్లాస్టిక్ కవర్లో, రేషన్ కార్డు జిరాక్సు వెనక ఒక చీటీ ఉంది. ఒక నగరంలోని ప్రైవేటు ఆసుపత్రి మార్పిడి విభాగం ఇచ్చింది. మూడే వాక్యాలు: గుండె పనితీరు తక్కువ. మార్పిడి ఇప్పటికి వద్దు. డయాలసిస్ కొనసాగించండి.

పంపింగ్ ఎంతకు పెరిగితే మళ్లీ రావాలో అందులో లేదు. ఎవరికి చూపించాలో, ఎన్నాళ్లకు తిరిగి పరీక్ష చేయించాలో లేదు. ఆయన దాన్ని కోర్టు తీర్పులా తీసుకున్నాడు. “ఆళ్లే వద్దన్నాక ఇంకేటి బాబూ” అని ఆ తర్వాత డయాలసిస్‌లో ఎవరి దగ్గరా మార్పిడి మాట ఎత్తలేదు. అక్కడి వాళ్లూ అడగలేదు. చీటీలో ‘ఇప్పటికి’ అనే మాట ఉన్నా, అందరూ ‘ఎప్పటికీ’ అనే చదివారు.

ఆ విభాగంలో పనిచేసే వాళ్లతో ఫోన్లో మాట్లాడాను. చెడ్డవాళ్లు కారు, పని రానివాళ్లూ కారు. వాళ్లు ఏడాదికి చేసేవి కొన్నే. అందులో ఒకరు మూడు నెలల్లో చనిపోతే బంధువులు వస్తారు, విలేకరులు వస్తారు, ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆడిట్ వాళ్లు ఫైలు అడుగుతారు, యాజమాన్యం లెక్క అడుగుతుంది. పథకం ప్యాకేజీ ఇంత అని ముందే తేల్చి ఉంటుంది. ఐసీయూలో పది రోజులు ఎక్కువ ఉంటే ఆ ఖర్చు ఆసుపత్రి నెత్తినే. 35 శాతం గుండె, పాత హెపటైటిస్, రక్తం ఎక్కించడం వల్ల పుట్టి, కొత్త కిడ్నీ మీద తిరగబడగల యాంటీబాడీలు, పైగా రెండొందల కిలోమీటర్లు దాటిన దూరంలో ఊరు. వద్దనుకోవడానికి ఇందులో ఏ ఒక్కటైనా చాలు. వద్దన్నందుకు వాళ్లను అడిగేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

అమెరికా లెక్క

ఇదే సమస్య అమెరికాలో పెద్ద ఎత్తున, అంకెలతో సహా బయటపడింది. నాణ్యతను ప్రభుత్వం కొలవడం మొదలుపెడితే ఎంపిక ఎటు జరుగుతుందో చూడటానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అక్కడ మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాను నడిపే సీఎంఎస్ 2007లో కొత్త షరతులు తెచ్చింది. ప్రతి మార్పిడి కేంద్రంలో ఆపరేషన్ తర్వాత ఏడాదికి ఎంతమంది బతికున్నారు, ఎన్ని కిడ్నీలు పనిచేస్తున్నాయి అన్నది ఎస్‌ఆర్‌టీఆర్ అనే సంస్థ లెక్కగడుతుంది. రోగుల వయసు, జబ్బులు, దాత వివరాలు చూసి ఈ కేంద్రంలో ఇంత నష్టం రావచ్చని ఒక అంచనా వేస్తుంది. జరిగిన నష్టాన్ని దాని పక్కన పెడతారు. మూడు గీతలు గీశారు. జరిగిన నష్టాల సంఖ్య అంచనా కంటే మూడుకు మించి ఎక్కువ ఉండకూడదు. అంచనాకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. కేవలం దురదృష్టం వల్ల ఇలా జరగడానికి అవకాశం 5 శాతం కంటే తక్కువ అని తేలకూడదు. మూడూ దాటితే ఆ కేంద్రం చిక్కుల్లో పడుతుంది, పదేపదే దాటితే మెడికేర్ అనుమతికే ముప్పు.

కాగితం మీద న్యాయంగానే ఉంది. ఒక చిన్న కేంద్రంతో లెక్క వేసి చూడండి. ఏడాదికి 30 మార్పిడులు చేస్తుంది, రెండున్నరేళ్లకు 75. నూటికి ఐదు కిడ్నీలు పోతాయని అంచనా అనుకుంటే 3.75 పోవాలి. ఏడు పోయాయనుకుందాం. మొదటి రెండు గీతలూ దాటారు, కానీ దురదృష్టం లెక్క సుమారు 8.6 శాతం వస్తుంది, గట్టెక్కినట్టే. ఎనిమిది పోతే అది 3.8 శాతం దగ్గరకు దిగుతుంది, మూడు గీతలూ దాటిపోయారు. అంటే 75 మందిలో తేడా ఒక్క మనిషి. ఆ ఒక్కరు ఎవరై ఉంటారని ఎంపిక మీటింగులో కూర్చున్న డాక్టర్లకు టెన్షన్. గుండె బలహీనంగా ఉన్న మనిషి ఫైలు టేబుల్ మీదకు రాగానే ఆ ఎనిమిదో మనిషి వాళ్లకు కనిపిస్తాడు.

గీతలు దాటాయన్న ముద్ర పడిన కేంద్రాల్లో ఆ తర్వాత మార్పిడుల సంఖ్య తగ్గిందని, వెయిటింగ్ లిస్టు నుంచి పేర్లు తీసేయడం పెరిగిందని అక్కడి పరిశోధకులే చూపించారు. మరణించిన దాతల నుంచి తీసిన కిడ్నీల్లో వాడకుండా పారేసేవి ఒకప్పుడు ఐదో వంతు, ఇటీవల పావు వంతు దాటాయి. దీనంతటికీ ఆ ఒక్క నిబంధనే కారణమని నేను అనను. దానికి వేరే కారణాలూ ఉన్నాయి. మరో మాట కూడా చెప్పాలి. ఆ షరతులు లేకముందు పని బాగా లేని కేంద్రాలు ఏళ్ల తరబడి అలాగే నడిచే వీలుండేది. కొలవడం మొదలయ్యాక చాలాచోట్ల పద్ధతులు బాగుపడ్డాయి. చిక్కల్లా కొలత ఎక్కడ మొదలైందన్న దగ్గరే. ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లు మాత్రమే లెక్కలోకి వచ్చారు. డయాలసిస్ కుర్చీలోనే పోయినవాళ్ల చావు ఏ మార్పిడి కేంద్రం ఖాతాలోనూ పడలేదు.

అమెరికా వాళ్లు దాన్ని దిద్దుకుంటూ వచ్చారు. 2016లో ఒకటిన్నర రెట్ల గీతను 1.85కు సడలించారు. 2019లో, అనుమతి కొనసాగించడానికి ఈ ఫలితాల షరతునే సీఎంఎస్ తీసేసింది. అవయవ పంపిణీ వ్యవస్థ తన కొలతల్ని 2022 నుంచి మార్చింది. మొదటి 90 రోజులు వేరుగా చూస్తారు, తర్వాతి కాలం వేరుగా చూస్తారు. వచ్చిన కిడ్నీని ఒప్పుకున్నారా, తిప్పికొట్టారా అన్నది 2023 నుంచి, మార్పిడి జరగకముందే లిస్టులో ఎంతమంది చనిపోయారన్నది 2024 నుంచి లెక్కలో చేరాయి. 2025 జులై 1న మరో ప్రయోగం మొదలైంది, 103 ఆసుపత్రులతో, ఆరేళ్ల పాటు. వందకు 60 మార్కులు ఎన్ని మార్పిడులు చేశారన్న దానికే. 20 వచ్చిన అవయవాల్ని ఒప్పుకున్నందుకు, 20 కిడ్నీ నిలబడినందుకు. పద్దెనిమిదేళ్లలో తక్కెడ ముల్లు ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చింది. ఇప్పుడు అటువైపు ఎక్కువ మొగ్గి, తొందరపడి ఆపరేషన్లు చేస్తారేమోనన్న అనుమానం నాకుంది. అది మరో ఐదేళ్లకు గానీ తెలియదు.

మన దగ్గర కొలిచేది

మనకు ఆసుపత్రి వారీగా అంచనా నష్టాన్నీ జరిగిన నష్టాన్నీ పక్కపక్కన పెట్టి మందలించే ఏర్పాటు లేదు. మన నిబంధనల చూపంతా కాగితం మీద: ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ ఉందా, దాత ఎవరు, డబ్బు చేతులు మారిందా. కేంద్ర చట్టం 1994లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1995లో సొంత చట్టం చేసుకుంది. కేంద్ర చట్టాన్ని 2011లో సవరించి తాతలు, అమ్మమ్మలు, మనవల్ని కూడా దగ్గరి బంధువుల్లో చేర్చారు, రెండు జంటలు దాతల్ని మార్చుకునే వీలు కల్పించారు. 2014లో నియమాలు వచ్చాయి. వీటి అవసరం ఎవరూ కాదనలేరు. విశాఖలోనే 2019లో ఒకసారి, 2023లో ఒకసారి కిడ్నీ రాకెట్ కేసులు బయటపడ్డాయి. రెంటిలోనూ అప్పుల్లో ఉన్నవాళ్లే బలయ్యారు.

అయితే ఫలితాల కొలత లేకపోయినా మన ఎంపికలో భయం అమెరికాలో ఉన్నంతే ఉంది. అక్కడ భయం ఒక అంకె రూపంలో ఉంది. దాని మీద వాదించవచ్చు, సవరించవచ్చు. ఇక్కడ అది ప్యాకేజీలో, పేపర్లో వచ్చే వార్తలో, దాతకు అనుమతిచ్చే కమిటీ వేసే ప్రశ్నలో దాక్కుని ఉంది. కాబట్టి ఎవరూ దాన్ని సవరించలేరు. నా రోగి చీటీలో ఉన్నది గుండె ఒక్కటే, మిగతావి రాయలేదు.

గుండె

డయాలసిస్ రోగి గుండె బలహీనపడితే అడగాల్సిన మొదటి ప్రశ్న, అది గుండె జబ్బా, కిడ్నీ జబ్బు వల్ల గుండెకు వచ్చిన తిప్పలా అని. రెండోది అయితే మార్పిడే దానికి మందు. కిడ్నీ పనిచేయడం మొదలయ్యాక పంపింగ్ కోలుకోవడం ఎంతోమందిలో చూస్తాం. ఏ కారణంతో వద్దంటున్నామో ఆ కారణానికి చికిత్స అదే ఆపరేషన్.

యాంజియోగ్రామ్ చేయించాం. నాళాలు శుభ్రంగా ఉన్నాయి. ఇక మిగిలింది నీరు, రక్తహీనత. మూడో సెషన్ ఎందుకు మానేస్తున్నావని కోప్పడితే వచ్చే లాభం లేదు. షిఫ్టు మార్చి, తెల్లవారుజామున మొదటి బ్యాచ్‌లో వేయించాం. పదకొండు గంటలకల్లా ఇంటికి చేరితే మధ్యాహ్నం తోట పని చూసుకోవచ్చు. అంతే, మానడం ఆగింది. డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, 51 కిలోలని రాసి ఉంది. అది ఒళ్లున్న రోజుల లెక్క. కండ కరిగిపోయి, ఆ చోటు నీరు తీసుకుంది. కొద్దికొద్దిగా దించుతూ 47.5కు తెచ్చాం. ఐరన్ నరానికి ఇచ్చి, రక్తం పెంచే ఎరిత్రోపొయిటిన్ మోతాదు సరిచేశాం, గుండెకు కార్వెడిలాల్ మొదలుపెట్టాం. ఇక మీదట రక్తం ఎక్కించవద్దని ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాశాం, ఎందుకంటే ప్రతి సీసా కొత్త యాంటీబాడీలకు దారి. ఐదు నెలలకు హిమోగ్లోబిన్ 10.6, పంపింగ్ 48 శాతం.

ఇందులో గొప్ప వైద్యం ఏమీ లేదు. చీటీలో ‘40 దాటితే రండి’ అని ఒక్క ముక్క ఉంటే ఇదంతా చాలా ముందే జరిగేది.

దాత ఎవరు

ఉద్దానంలో అసలు చిక్కు ఇక్కడుంది. మామూలుగా రోగికి తోబుట్టువు దొరికితే సంతోషిస్తాం. ఇక్కడ తోబుట్టువంటే అదే నీళ్లు తాగి, అదే ఎండలో పనిచేసి, అదే తల్లికి పుట్టిన మనిషి.

భార్య ముందుకొచ్చింది. ఆమెది ఏ గ్రూపు, ఈయనది ఓ. గ్రూపు కలవకపోయినా చేసే పద్ధతులున్నాయి. ప్లాస్మా మార్చాలి, మందులు ఎక్కువ వాడాలి, ఇన్ఫెక్షన్ల ముప్పు, ఖర్చు పెరుగుతాయి. ఇప్పుడే కోలుకుంటున్న గుండెతో ఆ దారి పట్టాలనిపించలేదు. మరో జంటతో మార్చుకోవడానికి సరిపడే జత దొరకలేదు. మరణించిన దాతల అవయవాల్ని పంచే జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. ఓ గ్రూపు వాళ్లకు అక్కడ నిరీక్షణ ఎక్కువ.

తమ్ముడికి 36. ఓ గ్రూపే. బస్సు దిగి నేరుగా వచ్చి, “నాది తీస్కోండి డాక్టర్ బాబూ, మనిషికి ఒకటి సరిపోద్ది గదా” అన్నాడు. క్రియాటినిన్ 1.2. ల్యాబ్ రిపోర్టులో అది నార్మల్ గడిలోనే ఉంది. డీటీపీఏ స్కాన్‌లో కిడ్నీల వడపోత నిమిషానికి 66 మిల్లీలీటర్లు. కేడీఐజీఓ అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 90, ఆపైన ఉంటే దాతగా సరే, 60 లోపు వద్దు, మధ్యలో ఉంటే మనిషిని బట్టి నిర్ణయించుకోవాలి. మరో జిల్లా మనిషి అయితే ఆలోచించేవాణ్నేమో. 36 ఏళ్ల ఉద్దానం మగవాడికి, మూత్రంలో ప్రోటీన్ లేకుండా 66 ఉందంటే, నా కంటికి అతను దాత కాడు, రోగి. అదే మాట అతనితో చెప్పాను. ముఖం వాడిపోయింది. అన్నకు ఇవ్వలేకపోయినందుకే ఆ బాధంతా, తన సంగతి అప్పటికి తలకెక్కలేదు. నొప్పి మాత్రలు ముట్టుకోవద్దని, ఆరు నెలలకోసారి రక్తం ఇవ్వమని చెప్పి అతని పేరుతో కొత్త ఫైలు తెరిచాం.

అతని కిడ్నీ తీసి అన్నకు పెట్టి ఉంటే, ఏ కొలత ప్రకారం చూసినా ఆ మార్పిడి విజయమే అయ్యేది. ఏడాదికి అన్న బాగుంటాడు, కిడ్నీ పనిచేస్తుంది. పదేళ్లకు తమ్ముడు డయాలసిస్‌కు వస్తే ఆ నష్టం ఏ ఆసుపత్రి లెక్కలోనూ కనిపించదు. అమెరికాలో దాతల్ని ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు చూసి వివరాలు పంపాలన్న నియమం ఉంది. మెల్లగా వచ్చే ఈ జబ్బుకు రెండేళ్లు ఏ మూలకు?

చివరికి అక్క వచ్చింది. 50 ఏళ్లు. ఇరవై రెండో ఏట ఒడిశాలో గంజాం జిల్లాకు కాపురానికి వెళ్లింది. ఓ గ్రూపు. క్రియాటినిన్ 0.7, డీటీపీఏ 94, రెండు కిడ్నీలూ దాదాపు చెరి సగం. బీపీ లేదు, షుగర్ లేదు, మూత్రంలో ఆల్బుమిన్ అతి తక్కువ. ఆమె కూడా ఇక్కడి నీళ్లు తాగి పెరిగిందే, ఆ ముప్పు సున్నా అని నేను చెప్పలేను. అందుకే ఒక్క రిపోర్టుతో ఒప్పుకోకుండా నెలల ఎడంతో మళ్లీ మళ్లీ చూశాం. యాభై ఏళ్లకు, ఇక్కడి నుంచి వెళ్లిన పాతికేళ్ల పైచిలుకు తర్వాత, ప్రతిసారీ ఇలాగే వచ్చిందంటే ఆ మనిషిలో జబ్బు మొదలయ్యే అవకాశం తమ్ముడితో పోలిస్తే చాలా తక్కువ. విశాఖలో మరో కేంద్రం టీమ్ కూడా ఆమెను వేరుగా చూసి అదే అభిప్రాయానికి వచ్చింది. వయసు తక్కువ కిడ్నీ అయితే తమ్ముడిదే మేలని లెక్కలు చెబుతాయి. మేం పెద్దామెను తీసుకున్నాం.

కాగితాలు

వైద్యం వైపు తేలాక కాగితాలు మొదలయ్యాయి. ఏ చట్టం తీసి చూసినా అక్క తమ్ముడికి దగ్గరి బంధువే. ఆ సంగతి రుజువు చేయడమే కష్టం. ఆమె ఆధార్ ఒడిశాది, భర్త ఇంటిపేరుతో ఉంది. తండ్రి పేరు ఈయన ఆధార్‌లో ఒక రకంగా, పాత పట్టాదారు పాస్‌బుక్‌లో మరో రకంగా ఉంది. ఇద్దరికీ పుట్టిన సర్టిఫికెట్ లేదు. ఆమె బడి మొహం చూడలేదు. ఇద్దరూ ఒకే రేషన్ కార్డులో ఎప్పుడు ఉన్నారో ఎవరికీ గుర్తు లేదు.

తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, పంచాయతీ నుంచి లేఖ, ఆమె పెళ్లి ఫొటో పోగేశాం. ఆ ఫొటోలో కుర్రాడొకడు పెళ్లికూతురి పక్కన నిలబడి కెమెరాకు బదులు లడ్డూల పళ్లెం వైపు చూస్తున్నాడు. అతనే మా రోగి. గట్టిగా నిలబడింది మాత్రం హెచ్‌ఎల్‌ఏ రిపోర్టు. కిడ్నీ కలుస్తుందా అని చూడటానికి చేయించిన పరీక్షే, సగం వరస పూర్తిగా కలిసి, వీళ్లు ఒక తల్లి పిల్లలేనన్న మాటకు బలమైంది. గుండె కోలుకోవడానికి పట్టినంత కాలం ఈ కాగితాలకూ పట్టింది. రాష్ట్రం సరిహద్దు దాటి పిల్లనిచ్చిపుచ్చుకునే ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. నియమం రాసినవాళ్లు వీళ్లను దృష్టిలో పెట్టుకోలేదు.

దాత స్త్రీ అయితే ఎక్కువ జాగ్రత్త తీసుకోవాలని, ఆమె ఎవరో, సొంతంగా ఒప్పుకుందో లేదో రోగి కాకుండా వేరే వ్యక్తి ద్వారా నిర్ధారించుకోవాలని కేంద్ర నియమాలు చెబుతాయి. నాకు నచ్చిన నియమం అది. మన దగ్గర బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. భర్తనూ తమ్ముణ్నీ బయట కూర్చోబెట్టి, వీడియో పెట్టి ఆమెను అడిగారు. డబ్బేమైనా ఇస్తామన్నారా అని అడిగితే, “మాయమ్మ పోయినప్పుడు ఆడికి పదకొండేళ్లు బాబూ. నేనే సాకినాను. ఇప్పుడు డబ్బులేటి?” అందట. ఇచ్చాక పొలం పని చేయగలనా, ఒక కిడ్నీతో నాకేమైనా అవుతుందా అని తిరిగి వాళ్లనే అడిగిందట. భయపడి వచ్చిన మనిషి అలా అడగదని కమిటీలో ఒకరు నాతో అన్నారు.

ఆపరేషన్, ఆ తర్వాత

క్రాస్‌మ్యాచ్ నెగెటివ్. యాంటీబాడీలు కొద్దిగా ఉన్నాయి, అక్క కణాల మీద పనిచేసేవి లేవు. కొత్త కిడ్నీని ఒళ్లు తిరగ్గొట్టకుండా, ముందు జాగ్రత్తగా ఏటీజీ అనే మందుతో మొదలుపెట్టి, టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ మీద పెట్టారు. బల్ల మీదే మూత్రం వచ్చింది. ఐదో రోజుకు క్రియాటినిన్ 1.3. అక్క నాలుగో రోజున లేచి తమ్ముడి వార్డుకు నడిచి వెళ్లింది. ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ కింద అయింది, అంటే పాత ఆరోగ్యశ్రీ. మార్పిడి అయితే డయాలసిస్ రోగులకిచ్చే ప్రభుత్వ పింఛను తీసేస్తారని ఊళ్లో ఎవరో భయపెట్టారు. మార్పిడి చేయించుకున్నవాళ్లకు కూడా 10,000 రూపాయల పింఛను జాబితాలో చోటుందని చెప్పాక గానీ ఆయన భార్య కుదుటపడలేదు.

నాలుగో నెలలో క్రియాటినిన్ 1.9 అయింది. కిడ్నీని ఒళ్లు తిరగ్గొడుతోందేమోనని అందరం కంగారుపడ్డాం. టాక్రోలిమస్ స్థాయి చూస్తే 17, ఉండాల్సిన దానికి దాదాపు రెట్టింపు. మందులు తప్పలేదు, మోతాదు మారలేదు. ఆరా తీస్తే, దగ్గు తగ్గడం లేదని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లాడట. ఆయన క్లారిథ్రోమైసిన్ ఇచ్చాడు, ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేశాడు. మొదటిది టాక్రోలిమస్‌ను రక్తంలో పేరబెడుతుంది, రెండోది నేరుగా కిడ్నీని నొక్కుతుంది. రెండూ ఆపి, మోతాదు తగ్గించి, రోజు విడిచి రోజు స్థాయి చూస్తూ వచ్చాం. రెండు వారాల్లో 1.4కు దిగింది, బయాప్సీ అవసరం రాలేదు. ఆర్‌ఎంపీని పిలిపించి తిట్టలేదు. రాత్రి పదింటికి ఆ ఊళ్లో తలుపు తీసేది ఆయనే. ఇవ్వకూడని మందుల పేర్లు తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కార్డు మీద రాసి ఆయన బల్ల అద్దం కింద పెట్టించాం.

నా వాదనకు ఈ ఘటన ముఖ్యం. ఆ కిడ్నీ పోయి ఉంటే, అమెరికా పద్ధతిలో ఆ నష్టం విశాఖ ఆసుపత్రి ఖాతాలో పడేది. వాళ్ల తప్పు అందులో ఏముంది? ఆపరేషన్ ఏడాది ఫలితం అంటున్నది నిజానికి ఊరి దూరం, ఆర్‌ఎంపీ, టాక్రోలిమస్ స్థాయి పరీక్ష దగ్గర్లో దొరకడం, తాగే నీళ్లు, ఇవన్నీ కలిసిన ఫలితం. ఏ అంచనా లెక్కలోనూ వీటికి గడి ఉండదు. రేపు మన దగ్గర కూడా ఆసుపత్రి వారీగా ఏడాది ఫలితాలు ప్రకటించి గీత గీస్తే, మొదట రాలిపోయేది కవిటి, మందస పేర్లే. ‘మీదే ఊరు?’ అన్న ప్రశ్నతోనే ఎంపిక ముగుస్తుంది. కొలవడం వద్దని నేను అనడం లేదు. కొలత డయాలసిస్ కుర్చీ దగ్గర మొదలవ్వాలి. జిల్లాలో డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో ఎంతమందికి మార్పిడి గురించి చెప్పారు, ఎంతమందిని పంపారు, ఎంతమందిని ఏ కారణంతో తిప్పి పంపారు, ఆ కారణాన్ని సరిచేయడానికి గడువు ఇచ్చారా అన్నవి ముందు తేలాలి. ఆపరేషన్ ఫలితాలు ఆ తర్వాత, దూరానికి తగిన సర్దుబాటుతో రావాలి.

మన జిల్లాకు ఆ పని అసాధ్యం కాదు. పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ఉన్నాయి. డయాలసిస్ రోగుల పేర్లన్నీ పింఛను కోసం, పథకం కోసం ప్రభుత్వం దగ్గర ముందే ఉన్నాయి. ఇంత పక్కాగా పేర్లు రాసి ఉన్న జబ్బు మరొకటి ఉండదేమో.

మా డయాలసిస్ రిజిస్టరులో బరువు, బీపీ, హిమోగ్లోబిన్, హెపటైటిస్, సెషన్ల సంఖ్య ఉండేవి. ఇప్పుడు చివర మూడు గడులు గీశాం: మార్పిడి మాట చెప్పామా, పంపామా, వాళ్లేమన్నారు. మూడో గడిలో ‘ఫిట్ కాదు’ అని రాయడానికి వీల్లేదు. కారణం, మళ్లీ చూసే నెల రాయాలి. నింపడం మొదలుపెట్టాక నర్సులు విసుక్కున్నారు. మొదటి గడిలో ఖాళీలు ఎన్నున్నాయో చూశాక విసుక్కోవడం మానేశారు. నాకైతే మూడో గడి కంటే ఆ ఖాళీలే ఎక్కువ ఆశ్చర్యం కలిగించాయి. వద్దని తిప్పి పంపినవాళ్ల కంటే అసలు పంపనివాళ్లే ఎక్కువ.

ఏడాది దాటాక రోగి క్రియాటినిన్ 1.4, గుండె పంపింగ్ 55 శాతం. తోటకు వెళ్తున్నాడు, ఎండెక్కాక పని చేయడు. తమ్ముడి వడపోత ప్రస్తుతానికి అక్కడే నిలబడింది.

అక్క విషయం ఇంకా తేలలేదు. ఆపరేషన్ ఆంధ్రలో, కాపురం ఒడిశాలో. ఆమె పరీక్షలు ఎవరి బాధ్యతో ఏ కాగితంలోనూ రాయలేదు. ప్రస్తుతానికి సంక్రాంతికి, దసరాకు పుట్టింటికి వచ్చినప్పుడు తమ్ముడితో పాటు ఆమె రక్తం, మూత్రం కూడా తీస్తున్నాం. మొన్న వచ్చినప్పుడు క్రియాటినిన్ 0.9, ఆల్బుమిన్ పెరగలేదు, బీపీ 124/78. బ్రహ్మపురలో ఉన్న నెఫ్రాలజిస్టు ఒకరికి ఆమె ఫైలు కాపీ పంపాను, ఏడాదికోసారి చూస్తానన్నారు.